దిమ్మ మీద దిమ్మ

కృష్ణానగర్, హైదరాబాద్
సెప్టెంబరు 22

అన్నయ్యకి తెరెసా వందనాలు.

నువ్వు బాగున్నావని తలుస్తాను అని మొదలుపెట్టాలి గానీ, నువ్వు బాగున్నావో లేదో నాకేం తెలుసు? ఈస్టరుకి వేసిన కార్డుకి జవాబు లేదు. అయినా మళ్ళీ నేనే రాస్తున్నాను. నీతో పనిపడింది. సిగ్గులేనిదాన్నని ముందే ఒప్పుకుంటున్నాను. ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు, మెసేజ్ పెడదామంటే నీది తెలుగు కనపడని బటన్ల ఫోను. అందుకే ఈ కవరు.

ఎనిమిదేళ్ళ కింద నేనూ సుందరక్కా కలిసి పెట్టిన మెస్ ఇంకా నడుస్తోంది. సుందరక్క గుర్తుందిగా, నువ్వు ఫిల్మ్‌నగర్లో జనరేటర్ వ్యాను చూసుకునే రోజుల్లో గుంపు సీన్లకి వచ్చే జూనియర్ ఆర్టిస్టు, తెనాలి ఆవిడ. బాలాత్రిపురసుందరి అని అంత పొడుగు పేరు పెట్టుకుని ఇంత పొట్టిగా ఉందేమిట్రా అని అందరూ ఆటపట్టించేవారు. ఇప్పుడు ఇద్దరం కలిసి షూటింగులకి టిఫినూ భోజనమూ పంపుతున్నాం. మాకో పాత పికప్ బండి ఉంది. నడిపేది నేనే, నవ్వకు.

నవంబరు ఒకటి నుంచి నలభై రోజులు చేవెళ్ళ దాటాక ఒక రాతిగుట్ట మీద షూటింగ్. గుట్ట కింద షెడ్డులో మా వంట, పైన వాళ్ళ పని. మధ్యలో మూడు కిలోమీటర్లు రాళ్ళే. మొన్న ఖాళీ బండితో చూసి వద్దామని వెళితే సగంలోనే బండి కడుపు రాయికి కొట్టుకుంది, కింద ఆయిల్ డబ్బాకి సొట్ట పడింది. ప్రొడక్షన్ మేనేజర్ ప్రభాకర్ గారు చూస్తూనే ఉన్నారు. "అమ్మా, పొద్దున్న ఆరున్నరకి నూట ఇరవై మందికి ఇడ్లీ పైన వేడిగా ఉండాలి. మీ బండి ఎక్కదంటే ఇప్పుడే చెప్పండి, ఇంకో మెస్సు చూసుకుంటాను" అన్నారు. తప్పేముంది, ఆయన పని ఆయనది.

ఈ పని పోతే మెస్ మూసేయడమే అన్నయ్యా. చిన్న షూటింగుల వాళ్ళంతా ఫోన్లో తెప్పించుకుంటున్నారు. సుందరక్క అప్పుడే అనేసింది, "మూస్తే తెనాలి పోయి మేనకోడలి ఇంట్లో ఓ మూల కూర్చుంటానే" అని. ఆవిడ మూల కూర్చునే మనిషి కాదు. ఆవిడ పోతే నేను ఈ ఊళ్ళో ఉండలేను.

జూబ్లీహిల్స్‌లో పెద్దింటి పిల్లలు జీపులకి ఎత్తు పెంచి పెద్ద టైర్లు వేయించుకునే షాపుకి వెళ్ళాను. ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. వాళ్ళు చెప్పిన ఖర్చు విని కాఫీ సగంలోనే వదిలేసి లేచి వచ్చాను. బోరబండ మెకానిక్ హనుమంతు మాత్రం, "జర ఫికర్ చేయకక్కా, నా తాన తక్కువల అయిపోతది" అన్నాడు. తక్కువలో అయ్యే పనంటేనే నాకు భయం. నువ్వు చెబితే చేయిస్తాను.

నీ చెల్లి
తెరెసా

---

ఆకివీడు
సెప్టెంబరు 28

చెల్లెమ్మకి,

కార్డు అందింది. రాయడానికి ఏమీ లేదనిపించి ఊరుకున్నాను. ఇప్పుడు బండి సంగతి అడిగావు కాబట్టి రాయడానికి చాలా ఉంది.

నేను రొయ్యల చెరువుల దగ్గర జనరేటర్లు బాగుచేస్తున్నాను. చెవులు పనిచేయకపోయినా అరచెయ్యి పనిచేస్తుంది. ఇంజను మీద చెయ్యి వేస్తే ఎక్కడ తేడా ఉందో తెలుస్తుంది. నీ బండి మీద చెయ్యి వేయడానికి నేను అక్కడ లేను. అందుకని అన్నీ నువ్వే చూసి రాయాలి. విసుక్కోకు.

చక్రాల పైన ఇనప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, వాటినే కమాన్లు అంటారు. ముందు ఎన్ని పట్టీలు, వెనక ఎన్ని? ఏవైనా విరిగాయా? ఇప్పుడున్న టైరు మీద ఏ అంకెలున్నాయి? నిండు గుండిగలు ఎక్కించాక ఇరుసు కింద నేలకి ఎన్ని అంగుళాలు? దారిలో అన్నిటికంటే ఎత్తు రాయి ఎంత? చక్రం పూర్తిగా తిప్పితే పక్క రేకుకి ఎంత ఖాళీ? బ్రేకు పైపు బిగుతుగా ఉందా, వదులుగా ఉందా? గుండిగలు ఎన్ని, వాటికి మూతలు బిగుస్తాయా? వర్షం పడితే దారి ఏమవుతుంది? దిగేటప్పుడు ఏ గేరులో దిగుతావు? బండి మీదకి ఎక్కి వడ్డించేది ఎవరు, బాలాత్రిపురసుందరి గారేనా, ఆవిడ ఎలా ఎక్కుతారు?

హనుమంతు మంచివాడే అయి ఉంటాడు. అయినా ఈ మాటలు అతనికి చదివి వినిపించు. ముందు చక్రాల కమాన్లకి ఒక పట్టీ చేర్చి వంపు పెంచాలి. ముందు ఇరుసు మీద దిమ్మ పెట్టకూడదు, బ్రేకు వేసినప్పుడు మెలితిరుగుతుంది. వెనక మాత్రం ఇరుసుకీ కమాన్లకీ మధ్య రెండంగుళాల ఇనప దిమ్మ ఒకటి పెట్టవచ్చు. చెక్క దిమ్మ వద్దు. ఇంకా ఎత్తు చాల్లేదని దిమ్మ మీద దిమ్మ అసలే వద్దు. ఎత్తు కావలిస్తే ఒకే ముక్కలో కావాలి. రెండు ముక్కలు పేరిస్తే ఎప్పుడో ఒకనాడు ఒకటి జారుతుంది. ఎత్తు పెంచిన సంగతి ఆర్టీవో ఆఫీసులో అడిగి బండి కాగితాల్లో రాయించుకో.

అన్నట్టు, ఇప్పుడు ఫిల్మ్‌నగర్లో జనరేటర్ వ్యాన్లు ఎక్కడ ఆపుతున్నారు? పాత మలుపులోనేనా?

అన్నయ్య
థామస్

---

కృష్ణానగర్
అక్టోబరు 12

అన్నయ్యా,

ఉత్తరమా అది, ప్రశ్నాపత్రమా? పదో తరగతిలో కూడా నన్నిన్ని అడగలేదు. సుందరక్క టేపు పట్టుకుంది, నేను బండి కింద దూరాను, కృష్ణానగర్ సందులో జనం గుమిగూడి ఏదో షూటింగ్ అనుకున్నారు. జవాబులు వేరే కాగితం మీద రాసి దీనితో పెట్టాను. జనరేటర్ వ్యాన్లు పాత మలుపులో లేవు, అక్కడ బిర్యానీ హోటల్ వచ్చింది.

పని అయిపోయింది. హనుమంతుకి నీ ఉత్తరం చదివి వినిపిస్తే మొదట మొహం మాడ్చుకున్నాడు. "ఏందక్కా, గీ పని నాకు నేర్పుతున్నడా మీ అన్న?" అన్నాడు. దిమ్మ మీద దిమ్మ అన్న చోటికి వచ్చేసరికి చేతిలో పానా కింద పెట్టి, "గిది మాత్రం నిజం. పోయినేడు ఒకనికి గట్లనే పెట్టిన, నెలకే జారింది. మీ అన్న పని తెలిసినోడే" అని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ప్రతి బోల్టుకీ "మీ అన్నకు రాయి" అంటూ చూపించాడు. ముందు పట్టీ చేర్చాడు. వెనక రెండంగుళాల దిమ్మ, ఒక్కటే. పొడుగు బోల్టులు, పొడుగు బ్రేకు పైపు కొత్తవి వేశాడు. టైర్లు ఇదివరకటి కంటే రెండంగుళాలు పెద్దవి. మోతీనగర్లో ఎవరో జీపు నుంచి తీసేసినవి, గాట్లు ఇంకా లోతుగానే ఉన్నాయి. ఇరుసు కింద ఇదివరకు ఏడంగుళాలు, ఇప్పుడు ఎనిమిది. కడుపు కింద మూడంగుళాలు పెరిగింది. కాగితాలకి హనుమంతే దగ్గరుండి తిరుగుతున్నాడు.

నీకు వినపడదు కాబట్టి చప్పుళ్ళు కూడా రాస్తాను, నాకు తెలిసిన భాషలో. తారు రోడ్డు మీద గ్రైండర్లో నానిన మినపప్పు తిరుగుతున్నట్టు ఊఁ అని ఒకటే మోత. ఎడమకి పూర్తిగా తిప్పితే కొబ్బరి కోరుతున్నట్టు కరకర. గతుకులో దిగినప్పుడు గుండిగ మీద మూత జరిగినట్టు ఒక్కసారి టంగ్‌మంటుంది. ఇవి రోగాలా, ఆరోగ్యమా?

తెరెసా

---

ఆకివీడు
అక్టోబరు 17

చెల్లెమ్మకి,

నీ చప్పుళ్ళ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఎనిమిదేళ్ళయింది ఒక బండి చప్పుడు విని. మినపప్పు మోత నాకు నిజంగానే వినిపించినట్టయింది. నీకు థాంక్స్ చెప్పడం నాకు అలవాటు లేదు, అయినా చెబుతున్నాను.

మినపప్పు మోత టైరు గాట్ల వల్ల వచ్చేది, దానితో భయం లేదు. కొబ్బరి కోరడం అంటే టైరు లోపలి ప్లాస్టిక్ రేకుకి తగులుతోంది. అక్కడ కొంచెం కోయించు, స్టీరింగు అంతకంటే తిరగకుండా ఆపే బోల్టు కూడా కొంచెం బయటికి తిప్పమను. మూత జరిగినట్టు టంగ్‌మనేదే చెడ్డది. కొత్త బోల్టులు సర్దుకుని వదులైనాయి. ఉత్తరం అందగానే బిగించు, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ బిగించు. ఇంకో సంగతి, పెద్ద టైర్లు వేశాక మీటరు తక్కువ చూపిస్తుంది. నలభై అని ఉంటే నువ్వు ఇంకా ఎక్కువే పోతున్నట్టు. సాంబారుతో మలుపుల్లో నెమ్మది.

పదకొండు ప్రశ్నలు అడిగాను. పదింటికే జవాబొచ్చింది. బాలాత్రిపురసుందరి గారు బండి మీదకి ఎలా ఎక్కుతారు? కమాన్ల వల్ల రెండంగుళాలు, టైర్ల వల్ల ఒకటి. బండి కింద పెరిగిన మూడంగుళాలు పైన కూడా పెరుగుతాయి కదా. రాయి.

థామస్

---

గుట్ట కింద షెడ్డు, చేవెళ్ళ దారి
నవంబరు 6

అన్నయ్యా,

ఎక్కింది! మొదటిరోజు ఆరు ఇరవైకే ఇడ్లీ పైన ఉంది. మూత తీస్తే ఆవిరి కళ్ళద్దాలకి పట్టింది. ప్రభాకర్ గారు నాలుగు ఇడ్లీలు ఎక్కువ తిన్నారు. కింద రాయి ఒక్కటీ తగల్లేదు. టంగ్ లేదు, కొబ్బరి లేదు. మినపప్పు మాత్రం తిరుగుతోంది.

సుందరక్కని నువ్వు చూడాలి. బండి మీద నిలబడి గరిటె పట్టుకుంటుంది. ఇరవై ఏళ్ళు గుంపులో వెనక వరసలో నిలబడిన మనిషి. ఇప్పుడు హీరో దగ్గర్నుంచి లైట్లు మోసేవాళ్ళ దాకా ప్లేటు పట్టుకుని తలెత్తి ఆవిడ వైపు చూడాల్సిందే. "చట్నీ కావాలా, పొడి కావాలా?" అని ఆవిడ అడిగే తీరు చూసి డైరెక్టర్ గారు కూడా నవ్వారు. కింద బల్ల వేసి వడ్డిద్దామంటే ఒప్పుకోదు.

నీ పదకొండో ప్రశ్న. ఆవిడ చిన్న చెక్కపెట్టె వేసుకుని ఎక్కుతుంది, మెస్ పెట్టిన రోజు నుంచీ అదే. నిన్న దాన్ని కడుగుదామని తిరగేశాను. అడుగున పసుపు పెయింటుతో "జనరేటర్ 3" అని రాసి ఉంది. ఆ మూడంకెకి తోక ఉంది. అలాంటి తోక మన ఇంట్లో నువ్వొక్కడివే పెడతావు. ఇదెక్కడిదక్కా అంటే, "పాతసామాన్లో దొరికిందిలే" అని మొహం తిప్పుకుంది.

ఇప్పుడు ప్రశ్నలు అడిగే వంతు నాది. నీ పెట్టె ఆవిడ దగ్గరకి ఎలా వచ్చింది? ప్రపంచమంతా సుందరి, సుందరక్క అంటుంటే నువ్వొక్కడివే ప్రతి ఉత్తరంలో పేరంతా రాసి గారు ఎందుకు తగిలిస్తున్నావు?

తెరెసా

---

ఆకివీడు
నవంబరు 11

చెల్లెమ్మకి,

అడిగావు కాబట్టి చెబుతాను. నవ్వుకోవాలంటే నవ్వుకో.

గుంపు సీన్లలో పొడుగువాళ్ళని ముందుంచి ఆవిడని వెనక నిలబెట్టేవారు. ఒకరోజు పెళ్ళి సీను. ఆవిడ పట్టుచీర కట్టుకుని పొద్దున్నించి నిలబడ్డారు, కెమెరాలో కొప్పు కూడా పడలేదు. మర్నాడు నేను జనరేటర్ కేబుళ్ళ కింద పెట్టే చెక్కలతో ఒక పెట్టె చేశాను. ఆవిడ నాలుగడుగుల పదంగుళాలు, పెట్టె తొమ్మిదంగుళాలు. షాటుకి ముందు వేసేవాడిని, అయ్యాక తీసి వ్యానులో పెట్టేవాడిని. ఆరేళ్ళు అలా నడిచింది. ఆవిడ మొహం ఎన్ని సినిమాల్లో కనపడిందో నా దగ్గర లెక్క ఉంది. మా మధ్య ఇంతకు మించి మాటల్లేవు. ఆవిడ నన్ను థామస్ గారూ అనేవారు, నేను పేరంతా పిలిచేవాడిని. పొట్టి అని ఏడిపించేవాళ్ళంతా పేరు కూడా కత్తిరించి పిలిచేవారు. నేను కత్తిరించలేదు.

తర్వాత చెవులు పోవడం మొదలైంది. జనరేటర్ ఆపమని అరుస్తుంటే వినపడక నిలబడ్డాను. సెట్టంతా నా వైపు తిరిగింది, ఆవిడ కూడా. ఆ సాయంత్రమే ఎవరికీ చెప్పకుండా వచ్చేశాను. పెట్టె అక్కడే వదిలేశాను. ఆవిడ దాచుకున్నారని నాకు తెలియదు.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. ఆ పెట్టె తొమ్మిదంగుళాలే. బండి మూడంగుళాలు పెరిగింది. ఆవిడ పొట్టిదాన్నని ఎవరితోనూ చెప్పుకునే మనిషి కాదు, చప్పుడు చేయకుండా పెట్టె కింద ఏదో ఒకటి పెట్టుకుంటారు. పెట్టనివ్వకు.

థామస్

---

కృష్ణానగర్
నవంబరు 13

అన్నయ్యా,

నీ ఉత్తరం ఇవాళ మధ్యాహ్నం వచ్చింది. ఆవిడ నిన్న పొద్దున్న పడిపోయింది.

పెట్టె కింద ఇటుక పెట్టుకుంది. నాకు తెలియదు. నేను సాంబారు గుండిగ మూత విప్పుతుంటే వెనక చప్పుడైంది. చూసేసరికి పెట్టె ఒక వైపు, ఇటుక ఒక వైపు, మధ్యలో ఆవిడ. ఎడమ మణికట్టు విరిగింది, పిండికట్టు వేశారు. ఇడ్లీల కోసం వరసలో నిలబడ్డవాళ్ళంతా చూశారు. చెయ్యి విరిగినందుకు ఆవిడ ఏడవలేదు. అంతమంది చూసినందుకు ఏడ్చింది.

నువ్వు రెండుసార్లు అడిగావు. మొదటిసారి నేను కావాలనే రాయలేదు. ఆవిడకి మోకాలు నొప్పి అని రాస్తే ఎత్తు పెంచొద్దంటావని భయపడ్డాను. ఎత్తు పెంచకపోతే పని పోతుంది, పని పోతే ఆవిడ పోతుంది అనుకున్నాను. ఇప్పుడు పని ఉంది, ఆవిడే పోతానంటోంది. "బండిని లేపారు, టైర్లని లేపారు, నన్నెవరు లేపుతారే? కుర్రవాళ్ళని పెట్టుకో" అంది. ఈ ఆదివారం కాక పై ఆదివారం తెనాలి బస్సుకి టికెట్ తీయించుకుంది. బండి కింద ప్రతి అంగుళం కొలిచాను అన్నయ్యా. టేపు చివర పట్టుకుని నిలబడ్డ మనిషిని కొలవలేదు.

నేను చెబితే వినడం లేదు. నీ ఉత్తరం ఆవిడకి చూపించలేదు. పెట్టె సంగతి నువ్వే చెప్పుకోవాలి.

తెరెసా

---

ఆకివీడు
నవంబరు 18

బాలాత్రిపురసుందరి గారికి,

థామస్ నమస్కారాలు. బస్సు పార్సెల్లో ఈ పెట్టె పంపిస్తున్నాను. ఉత్తరం అందులోనే పెట్టాను, విడిగా పంపితే మీరు విప్పరేమోనని.

పాతది తొమ్మిదంగుళాలు, ఇది పన్నెండు. ఎత్తులో ఎక్కడా అతుకు లేదు, టేకు చెక్క. అంత ఎత్తుకి మీ మోకాలు ఒప్పుకోదు కాబట్టి ముందు వైపు మధ్యలో మెట్టు తీశాను, అది కూడా పెట్టెలో భాగమే. అడుగున జనరేటర్ కింద వేసే రబ్బరు బిగించాను, రాయి మీద కూడా జారదు. పక్కన నిలువు కడ్డీ ఉంది. కుడిచేత్తో పట్టుకుని ఎక్కండి. మా చెరువు యజమానిని, ఆయన భారీ మనిషి, పదిసార్లు ఎక్కించి చూశాను.

ఆ రోజు చెప్పకుండా వచ్చేశాను. వినపడదని మీ ముందు ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డాను. మీకు చెప్పి ఉండాల్సింది. ఎనిమిదేళ్ళుగా అదే అనుకుంటున్నాను. మీరు కూడా ఇప్పుడు నాలాగే నలుగురు చూశారని వెళ్ళిపోతానంటున్నారు. నేను వెళ్ళి బాగుపడింది ఏమీ లేదు. మీరు తెనాలి వెళ్ళకండి.

థామస్

---

గుట్ట కింద షెడ్డు
నవంబరు 26

థామస్ గారికి,

పెట్టె శుక్రవారం వచ్చింది. తెరెసా విప్పుతానంటే ఒప్పుకోలేదు, ఒంటిచేత్తో నేనే విప్పాను. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ మీద చాలా కోపం వచ్చింది. ఎనిమిదేళ్ళు తక్కువ కాదు కదండీ.

శనివారం పొద్దున్న ఎక్కాను. అందరూ వరసలో ఉన్నప్పుడే, అందరూ చూస్తుండగానే ఎక్కాను. పిండికట్టు ఎడమచేతికి, గరిటె పట్టేది కుడిచెయ్యి. ప్రభాకర్ గారు చప్పట్లు కొడితే, చాల్లెండి ప్లేటు పట్టుకోండి అన్నాను. ఆదివారం బస్సు నేను లేకుండానే వెళ్ళింది. మా మేనకోడలికి ఫోన్ చేసి చెప్పాను, ఇక్కడ నాకు పని ఉందని.

పాత పెట్టె మాత్రం తిరిగి ఇవ్వను. అది నా మంచం పక్కన ఉంది, అక్కడే ఉంటుంది.

కొత్తదానిలో ఒక్క లోటు ఉంది. అడుగున ఏమీ రాయలేదు మీరు. షూటింగ్ డిసెంబరు పదికి అయిపోతుంది. ఆలోగా పసుపు పెయింటూ కుంచే పట్టుకుని రండి. మీకు ఇప్పుడు బొత్తిగా వినపడదని తెరెసా చెప్పింది. ఫరవాలేదు, ఏం రాయాలో కాగితం మీద రాసి చూపిస్తాను.

బాలాత్రిపురసుందరి